రెండవ శ్రేణి ఫుట్‌బాల్ జట్టు ఎవరిది?

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్రప్రదేశ్ నేలే. మధుగిరి మీదుగా జిల్లా కేంద్రానికి పోయే బస్సు నడుమ కొంత దూరం పొరుగు రాష్ట్రంలో సాగి మరల కర్ణాటకలో ప్రవేశిస్తుంది. ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడం, సంతలో రెండూ వినిపించే ఆ తాలూకా నుండి బెంగళూరుకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు అనేకం. ‘మీది ఏ ఊరు?’ అని అడిగితే పెద్దలు పావగడ పేరు చెబుతారు; ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు తాము నివసించే పేట పేరు చెబుతారు. రెండు జవాబులూ సత్యమే.

ఒక ఊరికి చెందడం అంటే ఏమిటన్న ప్రశ్న మనుషులకే గాక ఫుట్‌బాల్ జట్లకు కూడా ఉన్నది. ముఖ్యంగా రెండవ, మూడవ శ్రేణులలో ఆడే వృత్తి జట్లకు అది జీవన్మరణ సమస్య. అగ్రశ్రేణి జట్టుకు టెలివిజన్ ఆదాయం, పెద్ద కంపెనీల ప్రకటనలు, దేశమంతటా అభిమానులు ఉంటారు. కింది శ్రేణి జట్టుకు వీటిలో ఏదీ సమృద్ధిగా ఉండదు. దానికి మిగిలేది దాని ఊరు ఒక్కటే. ఆ ఊరితో బంధం గట్టిగా ఉన్న జట్టు ఓడినా నిలుస్తుంది. బంధం లేని జట్టు గెలిచినా నిలవకపోవచ్చు. తెలుగునాట ఇటీవల జరిగిన రెండు ఉదంతాలను, జపాన్ దేశపు అనుభవాన్ని పక్కపక్కన పెట్టి ఈ విషయాన్ని వివరించడం, ఈ నగరంలో మన పాత్ర ఏమిటో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శ్రేణుల నిచ్చెన

లీగ్ అనేది రెండు మూడు రోజులలో ముగిసే టోర్నమెంటు కాదు. సాధారణంగా లీగ్‌లోని ప్రతి జట్టూ తక్కిన జట్లన్నిటితోనూ ఒకమారు సొంత మైదానంలో, ఒకమారు ఎదుటివారి మైదానంలో తలపడుతుంది. గెలుపుకు 3 పాయింట్లు, సమానమైతే 1 పాయింటు, ఓటమికి సున్న. నెలల తరబడి సాగే ఈ పోటీ ముగిసేనాటికి ఎక్కువ పాయింట్లు గల జట్టు విజేత. శ్రేణుల పద్ధతి ఉన్న దేశాలలో కింది శ్రేణి విజేత మరుసటి ఏడు పై శ్రేణికి ఎక్కుతుంది; పై శ్రేణిలో అట్టడుగున నిలిచిన జట్టు కిందికి దిగుతుంది. ఎక్కే ఆశ, దిగే భయం రెండూ ఉన్నందువల్లనే పట్టికలో చివరనున్న జట్ల ఆట కూడా రసవత్తరంగా ఉంటుంది.

మన దేశంలో 2007లో మొదలైన ఐ-లీగ్ కొంతకాలం అగ్రశ్రేణిగా ఉండేది. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ ప్రారంభమైంది. క్రమంగా అది మొదటి శ్రేణి, ఐ-లీగ్ రెండవ శ్రేణి అయినాయి. సూపర్ లీగ్‌లో మొదట చోటు దొరికింది రుసుము చెల్లించిన యాజమాన్యాలకే. ఆటలో గెలిచి అక్కడికి ఎక్కే మార్గం ఉండేది కాదు. ఆ మార్గం 2022-23 సీజన్‌తో తెరుచుకున్నది. ఆ ఏడు ఐ-లీగ్ గెలిచిన పంజాబ్ జట్టు, మరుసటి ఏడు గెలిచిన కోల్‌కతా మొహమ్మడన్ స్పోర్టింగ్ జట్టు సూపర్ లీగ్‌లో ప్రవేశించాయి.

విశాఖ పేరున వచ్చి హైదరాబాద్‌లో నిలిచిన జట్టు

ఆ రెండేళ్లూ ఐ-లీగ్‌లో ద్వితీయ స్థానంలో నిలిచిన జట్టు ఒక్కటే. అది తెలుగునాటి శ్రీనిధి డెక్కన్. ఒక్క మెట్టు తేడాతో రెండుమార్లు అగ్రశ్రేణి ద్వారం దగ్గర ఆగిపోయిన జట్టు ఇది. విజేతకు మాత్రమే పై శ్రేణి ప్రవేశం ఉన్నందువల్ల ద్వితీయ స్థానానికి గౌరవం తప్ప మరొక ఫలం దక్కలేదు.

ఈ జట్టు చరిత్ర గమనింపదగినది. 2015లో స్థాపితమైన ఈ క్లబ్‌ను 2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఐ-లీగ్‌లోకి అనుమతించినప్పుడు దాని ఊరిగా విశాఖపట్నాన్ని పేర్కొన్నారు. 2021-22లో జట్టు తొలి సీజన్ ఆడింది. కాని అది కరోనా కాలం. ఆ ఏడు ఐ-లీగ్ పోటీలన్నీ పశ్చిమ బెంగాల్‌లోనే జరిగాయి. అనగా, తొలి సీజన్‌లో తెలుగు జట్టు తెలుగు నేల మీద ఒక్క పోటీ కూడా ఆడలేదు. అయినా మూడవ స్థానం సాధించింది. 2022-23 నుండి హైదరాబాద్ శివార్లలోని అజీజ్‌నగర్‌లో గల డెక్కన్ అరేనా దాని సొంత మైదానమైంది. 2023 ఏప్రిల్‌లో సూపర్ కప్ పోటీలో కేరళ బ్లాస్టర్స్ వంటి అగ్రశ్రేణి జట్టును, కేరళ గడ్డ మీదనే, 2-0 గోల్స్ తేడాతో ఓడించింది.

ఆటలో ఇంత సాధించిన జట్టు పేరు తెలుగువారిలో ఎందరికి తెలుసు? చెడ్డ ఆట వల్ల ఆ జట్టు అజ్ఞాతంగా ఉండిపోలేదు. ఒక నగరం పేరున ప్రవేశించి, మరొక రాష్ట్రంలో తొలి ఏడు గడిపి, వేరొక నగరపు శివార్లలో స్థిరపడిన జట్టుకు ‘ఇది మాది’ అనగల వీధులు ఏర్పడడానికి కాలం పడుతుంది. గోల్స్ శిక్షణతో వస్తాయి. అభిమానం సహవాసంతో వస్తుంది.

కిరీటం ధరించి ఊరు విడిచిన జట్టు

రెండవ ఉదంతం మరింత బాధాకరం. పుణె నగర జట్టు మూతపడగా దాని స్థానంలో 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. ఏర్పడింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్ గెలుచుకున్నది. తెలుగునాటి క్లబ్ ఒకటి ఆ కప్ గెలవడం అదే మొదలు. అటుపిమ్మట క్లబ్ ఆర్థికంగా చిక్కులలో పడింది, ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2023-24లో పట్టికలో అట్టడుగున నిలిచింది. చివరకు 2025లో జట్టు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అన్న కొత్త పేరు ధరించింది.

పుణె నుండి హైదరాబాద్‌కు, హైదరాబాద్ నుండి ఢిల్లీకి, ఆరేళ్లలో ఒకే స్థానం మూడు నగరాలు తిరిగింది. లీగ్‌లో ఆడే హక్కు కంపెనీ ఆస్తి కాబట్టి కంపెనీ దానిని తీసుకొనిపోగలిగింది. ఆ పసుపు రంగు జెర్సీ తొడిగి మైదానానికి వెళ్లిన పిల్లల అభిప్రాయం అడగవలసిన అవసరం ఏ నియమంలోనూ లేదు. చట్టరీత్యా ఇందులో తప్పు లేకపోవచ్చు. కాని క్లబ్ ఎవరిదన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఇందులోనే ఉన్నది.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదన్న సంగతి కూడా స్మరించదగినది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్ గెలిచింది. దాని శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకు కూడా శిక్షణ ఇచ్చి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానానికి, 1962 జకార్తా ఏషియా క్రీడలలో స్వర్ణ పతకానికి చేర్చాడు. ఆనాటి జట్టు పోలీసు శాఖది. ఆటగాడికి జీతం ఉద్యోగం ద్వారా లభించేది. బెంగళూరులో కూడా హెచ్.ఎ.ఎల్., ఐ.టి.ఐ. వంటి కర్మాగారాల జట్లు ఇదే పద్ధతిలో వెలిశాయి. ఈ పద్ధతి ఆటగాడికి అన్నం పెట్టింది. కాని జట్టు బతుకు శాఖ ఆసక్తి మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఆసక్తి సన్నగిల్లితే జట్టును నిలుపుకొనే అధికారం ఊరివారికి లేదు.

జపాన్ అనుభవం

జపాన్‌లో కూడా ఒకప్పుడు ఇదే స్థితి. 1965లో ఆరంభమైన అక్కడి జాతీయ లీగ్‌లో ప్రధానంగా ఆడినవి ఫురుకావా ఎలక్ట్రిక్, మిత్సుబిషి, యన్మార్ వంటి కంపెనీల జట్లు. 1993లో 10 క్లబ్‌లతో జె-లీగ్ మొదలైనప్పుడు దాని నిర్వాహకులు ఒక సూత్రం పెట్టారు: క్లబ్ పేరులో కంపెనీ పేరు గాక ఊరి పేరు ఉండాలి, ప్రతి క్లబ్ తన ‘సొంత ఊరు’ను ప్రకటించి, అక్కడి పురపాలక సంస్థతో, ప్రజలతో కలిసి పనిచేయాలి. తమ పేరు జట్టు పేరులో నిలవాలని పట్టుబట్టిన పెద్ద పత్రికా సంస్థతో సైతం లీగ్ అధ్యక్షుడు సబురో కవాబుచి రాజీపడలేదు. 1999లో రెండవ శ్రేణి, 2014లో మూడవ శ్రేణి చేరాయి. 2024 నాటికి ఒక్కొక్క శ్రేణిలో 20 చొప్పున మొత్తం 60 క్లబ్‌లు అయ్యాయి. వాటిలో అనేకం పెద్ద నగరాలవి కావు. మన తాలూకా, జిల్లా కేంద్రాలను పోలిన ఊళ్లవి.

నియమం ఉన్నంత మాత్రాన కష్టాలు తప్పలేదు. యొకొహామా నగరంలోని ఫ్లూగెల్స్ అనే జట్టును 1998లో ప్రాయోజక కంపెనీలు ఆర్థిక కారణాలతో పొరుగు జట్టులో విలీనం చేయ నిర్ణయించాయి. అభిమానులు ఎంత వేడుకున్నా ఫలించలేదు. ఆ జట్టు తన చిట్టచివరి పోటీగా 1999 జనవరి 1న ఎంపరర్స్ కప్ ఫైనల్ ఆడి, కప్ గెలిచి, అంతరించింది. ఇంతవరకు హైదరాబాద్ కథనే పోలి ఉన్నది. అటుపై జరిగినది వేరు. జట్టును పోగొట్టుకున్న అభిమానులు చందాలు పోగుచేసి యొకొహామా ఎఫ్.సి. అనే కొత్త క్లబ్‌ను స్థాపించారు. అది కింది లీగ్‌లో మొదలై, అక్కడ 1999లో, 2000లో విజేతగా నిలిచి, 2001లో రెండవ శ్రేణికి, 2007లో మొదటి శ్రేణికి చేరింది.

రెండవ దృష్టాంతం వెంట్‌ఫోరే కోఫు. రెండు లక్షలకు మించని జనాభా గల కోఫు నగరం యమనాషి ప్రాంతపు రాజధాని. సముద్రం లేదు, చుట్టూ కొండలు, ద్రాక్ష తోటలు ప్రసిద్ధం. 16వ శతాబ్దిలో ఆ సీమను ఏలిన టకేడా షింగెన్ అనే యోధుని జెండా మీది ‘గాలి’, ‘అడవి’ అన్న పదాల నుండి ఫ్రెంచి భాషలో క్లబ్ పేరు కూర్చారు. కోట ఉన్న కొండ పాదాన వెలసిన పావగడ వంటి ఊరివారికి, తమ కోట కథలో నుండి జట్టు పేరు పుట్టడం వింతగా తోచదు.

ఈ జట్టు 1999 నుండి మూడేళ్లు వరుసగా రెండవ శ్రేణిలో ఆఖరి స్థానంలో నిలిచింది. అప్పులు పెరిగి మూసివేత దాకా వచ్చింది. అప్పుడు క్లబ్ కొనసాగడానికి కొన్ని షరతులు నిర్ణయించారు: పోటీకి సగటున 3,000 మంది ప్రేక్షకులు రావాలి, అభిమాన సంఘంలో 5,000 మంది సభ్యులు చేరాలి, ప్రకటనల ఆదాయం నిర్ణీత మొత్తానికి పెరగాలి. షరతులన్నీ ఊరి ముందు ఉంచినవే. పెద్ద పెట్టుబడిదారు ఎవరూ ఆకాశం నుండి ఊడిపడలేదు. చిన్న దుకాణాలు, స్థానిక కంపెనీలు తలా కొంత భారం ఎత్తుకున్నాయి. గాయపడిన ఆటగాడిని మోసుకుపోయే స్ట్రెచర్ మీద సైతం ప్రకటనకు చోటు అమ్మారు. జట్టు బతికింది. 2006లో మొదటి శ్రేణిలో ఆడింది, మరల దిగింది, మరల ఎక్కింది.

2022లో కోఫు రెండవ శ్రేణిలో 18వ స్థానంలో నిలిచింది. అదే ఏడు అక్టోబరు 16న ఎంపరర్స్ కప్ ఫైనల్‌లో మొదటి శ్రేణి జట్టు సాన్‌ఫ్రెచ్చె హిరోషిమాను పెనాల్టీలలో ఓడించి దేశపు అత్యంత ప్రాచీనమైన కప్‌ను గెలిచింది. ఆ విజయంతో 2023-24 ఏషియా ఛాంపియన్స్ లీగ్‌లో ప్రవేశించింది. సొంత మైదానం ఏషియా ప్రమాణాలకు సరిపోనందున టోక్యో జాతీయ స్టేడియంలో ఆడవలసి వచ్చింది. ఇతర క్లబ్‌ల అభిమానులు కూడా వచ్చి ఆ చిన్న ఊరి జట్టుకు జేజేలు పలికారు. కోఫు తన గుంపులో ప్రథమ స్థానం పొందింది.

ఇక్కడ ఒక విషయం పురపాలన దృష్టితో గమనించాలి. కోఫు ఆడే సొంత మైదానం క్లబ్ ఆస్తి కాదు. యమనాషి ప్రాంత ప్రభుత్వపు క్రీడావనంలోనిది. ప్రజల సొమ్ముతో నిలిచిన మైదానం, ప్రజల చందాతో నిలిచిన జట్టు అక్కడ ఒకదానికొకటి ఆసరా.

బెంగళూరులో మన భాగం

మన నగరంలో కూడా నిచ్చెన మొదటి మెట్టు వీధి మైదానంలోనే ఉన్నది. బెంగళూరు లీగ్‌లో సి, బి, ఎ డివిజన్లు, వాటిపైన సూపర్ డివిజన్ ఉన్నాయి. పోటీలు ప్రధానంగా అశోక్‌నగర్‌లోని ఫుట్‌బాల్ స్టేడియంలో జరుగుతాయి. ఈ నగరం నుండి జాతీయ స్థాయికి చేరిన జట్లు ఉన్నాయి. బెంగళూరు ఎఫ్.సి. 2013లో స్థాపితమై తొలి సీజన్‌లోనే ఐ-లీగ్ గెలిచింది. స్పోర్టింగ్ క్లబ్ బెంగళూరు 2023-24లో మూడవ శ్రేణి అయిన ఐ-లీగ్ 2 గెలిచి ఐ-లీగ్‌కు ఎదిగింది. పావగడకు పొరుగున అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ గ్రామీణ బాలబాలికలకు క్రీడా శిక్షణ ఇస్తున్నది. ఫుట్‌బాల్ అందులో ఒకటి. కనుక ఈ ఆట మన సీమ పిల్లలకు అందనిది కాదు. ఆసక్తి గల కుటుంబాలు తెలుసుకోవలసిన నాలుగు విషయాలు ఇవి.

మొదటిది, జనన ధ్రువపత్రం. వయోవర్గ పోటీలలో ఆటగాడి నమోదుకు వయస్సు రుజువు కీలకం. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు అవుతుంది. మన కుటుంబాలలో తొలి కాన్పు పుట్టింట జరగడం ఆచారం. తల్లి పుట్టిల్లు మడకశిరలోనో హిందూపురంలోనో ఉంటే బిడ్డ ధ్రువపత్రం ఆంధ్రప్రదేశ్‌లో జారీ అవుతుంది. దానికి కర్ణాటకలో కూడా పూర్తి విలువ ఉన్నది; బెంగళూరులో మరొకటి తీసుకోనక్కర లేదు, తీసుకోరాదు. అయితే ధ్రువపత్రంలో, ఆధార్‌లో, పాఠశాల రికార్డులో పేరు, పుట్టిన తేది ఒకే తీరున ఉన్నవో లేవో ముందే సరిచూసుకోవాలి.

రెండవది, మైదానం. కర్ణాటకలో ఉద్యానవనాలు, క్రీడాస్థలాలు, బహిరంగ ప్రదేశాల పరిరక్షణకు 1985 నాటి చట్టం ఉన్నది. క్రీడాస్థలంగా నిర్ణయించిన చోటును వేరొక పనికి మళ్లించడాన్ని అది నియంత్రిస్తుంది. మీ వార్డులోని మైదానంలో గోల్ స్తంభాలకు బదులు సామగ్రి గుట్టలు కనిపిస్తే వార్డు కార్యాలయంలో లిఖితపూర్వకంగా తెలియజేసి రసీదు పొందండి. అద్దె ఇంటిలో ఉన్నవారికి కూడా ఈ హక్కు ఉన్నది. ఫిర్యాదు తెలుగు గుంపుగా గాక, అన్ని భాషలవారి సంతకాలతో ఇస్తే దాని బలం హెచ్చు.

మూడవది, సంఘం. జట్టు ఒక వ్యక్తి ఆస్తిగా మిగలకూడదంటే దానిని సంఘంగా నమోదు చేయాలి. 1960 నాటి కర్ణాటక సంఘాల నమోదు చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులు కలిస్తే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. నియమావళి, కార్యవర్గం, ఏటా సర్వసభ్య సమావేశం, లెక్కల సమర్పణ అందులో భాగం. ఇది విసుగు పుట్టించే పనిగా తోచవచ్చు. కాని జట్టు పేరు మార్చాలన్నా, మరొక చోటికి తరలించాలన్నా సభ్యుల అనుమతి తప్పనిసరి అని నియమావళిలో ఒక్క వాక్యం రాసుకోవడం ఇక్కడే సాధ్యం. హైదరాబాద్ అభిమానులకు లేనిది ఆ ఒక్క వాక్యమే.

నాల్గవది, హాజరు. పై శ్రేణి పోటీ టెలివిజన్‌లో చూడవచ్చు. కింది శ్రేణి జట్టుకు మాత్రం మెట్ల మీద కూర్చున్న మనిషే ఆదాయం, ప్రకటనకర్తకు చూపగల రుజువు, ఆటగాడికి ఉత్సాహం. కోఫును కాపాడినది ప్రధానంగా ఆ 3,000 మంది రాకయే. నెలకు ఒక్క ఆదివారం పిల్లలను వెంటబెట్టుకొని స్థానిక డివిజన్ పోటీకి వెళ్లడం ఏ చందాకూ తీసిపోని తోడ్పాటు.

వలస వచ్చినవారికి ఇందులో మరొక ప్రయోజనం కూడా ఉన్నది. భాష నేర్చుకోవడానికి, ఇరుగుపొరుగుతో కలవడానికి, నగర వ్యవహారాలలో మాట చెల్లించుకోవడానికి సంవత్సరాలు పట్టవచ్చు. ఒక పేట జట్టు పక్షాన గ్యాలరీలో నిలబడినప్పుడు మాత్రం ఎవరిది ఏ తాలూకా అని ఎవరూ అడగరు. గోల్ పడితే కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ మాట్లాడేవారి కేక ఒక్కటే. పావగడను మరువనక్కర లేకుండానే ఈ ఊరిని కూడా సొంతం చేసుకొనే మార్గాలలో ఇది ఒకటి. క్లబ్ ఎవరి పేరున నమోదైందో కాగితం చెబుతుంది. అది ఎవరిదో మాత్రం, జట్టు కింది శ్రేణికి దిగిన ఏడు కూడా మైదానానికి వచ్చినవారు నిర్ణయిస్తారు.